బ్రేకు ప్యాడ్లు ఇంటి వద్ద మార్చుకొనుట: పనిముట్లు, పద్ధతి

సంఘ సభ్యుల ఇళ్లలో ఇప్పుడు పాడి పశువులతో పాటు నాలుగు చక్రాల బండి కూడా ఉంటున్నది. కొందరు పాల క్యాన్లు చేరవేసేందుకు చిన్న వ్యాను కొనుక్కున్నారు. మరికొందరి పిల్లలు హైటెక్ సిటీలో ఉద్యోగాలు చేస్తూ చందానగర్‌లో అద్దెకుండి, వారానికొకసారి కారులో ఊరికి వచ్చి పోతున్నారు. ఈ రెండు రకాల బండ్లకూ మియాపూర్ నుండి బి.హెచ్.ఇ.ఎల్. చౌరస్తా వరకు గల 65వ నంబరు జాతీయ రహదారి ఒక పరీక్ష వంటిది. గంగారం దగ్గర నాలుగు గజాలు కదలడం, ఆగడం, మళ్లీ కదలడం. ఖాళీ రోడ్డు మీద 50 వేల కిలోమీటర్లు రాగల ప్యాడ్లు ఇటువంటి రోడ్డు మీద అందులో సగానికే అరిగిపోయినా ఆశ్చర్యం లేదు.

బరువు సంగతి కూడా చెప్పాలి. 40 లీటర్ల క్యానులో పాల బరువే 41 కిలోలు. ఇరవై క్యాన్లు ఎక్కిస్తే క్యాన్ల బరువు కాక 800 కిలోలు దాటుతుంది. వేగం రెట్టింపయితే ఆపడానికి కావలసిన శక్తి నాలుగు రెట్లవుతుంది. ఇంత భారాన్నీ ఆపేది అరచేతిలో ఇమిడే నాలుగు ప్యాడ్లు. వెనుక బ్రేకులు సాయపడినా, బ్రేకు వేయగానే బండి బరువు ముందుకు వాలుతుంది కనుక శ్రమ ఎక్కువ పడేది ముందు చక్రాల మీదే. పాత అంబాసిడర్లలో నాలుగు చక్రాలకూ డ్రమ్ములే ఉండేవి. నేటి చిన్న కార్లు, వ్యాన్లలో ఎక్కువ భాగం ముందు డిస్కు, వెనుక డ్రమ్ము.

ముందు చక్రాల ప్యాడ్లు మార్చడం ఓపిక గలవారు ఇంటి వద్ద చేసుకోదగిన పనే. వెనుక డ్రమ్ములు, బ్రేకు గొట్టాలు, మాస్టరు సిలిండరు జోలికి మాత్రం పోవద్దు. బటను నొక్కితే పడే చేతి బ్రేకు ఉన్న కొత్త కార్లలో వెనుక డిస్కులను కూడా తాకరాదు. అవి మెకానిక్కు పనులు.

అరుగుదల గుర్తించడం

చక్రం సందులలోంచి టార్చిలైటు వేసి చూస్తే డిస్కును పట్టుకున్న ప్యాడు కనిపిస్తుంది. ఇనుప రేకును వదిలి, దానికి అతికించిన పదార్థం మందాన్నే లెక్కించాలి. కొత్తదానికి సుమారు 10 మిల్లీమీటర్లు ఉంటుంది. 3 మిల్లీమీటర్లకు వస్తే మార్చాలి. లోపలి వైపు ప్యాడు ఒక్కోసారి బయటిదానికంటే ముందుగా అరుగుతుంది, అందుచేత బయటిది చూసి సరిపెట్టుకోవద్దు. చాలా ప్యాడ్లకు ఒక చిన్న రేకు నాలుక ఉంటుంది. పదార్థం తరిగినప్పుడు అది డిస్కుకు తగిలి కీచుమంటుంది. వానకు తడిసిన మరునాడు ఉదయం మొదటి రెండు మూడు బ్రేకులకు వచ్చే గరగర డిస్కు మీది తుప్పు పొర వల్ల. దానికి కంగారు పడనక్కరలేదు. కీచుధ్వని రోజంతా ఉంటేనే ఆలోచించాలి.

బ్రేకు ఆయిల్ డబ్బాలో మట్టం తగ్గడం కూడా ఒక సూచన. ప్యాడు అరిగిన కొద్దీ క్యాలిపర్ లోని పిస్టన్ బయటికి జరిగి, ఆ ఖాళీలోకి ఆయిల్ చేరుతుంది. మట్టం తగ్గింది కదా అని వెంటనే పోయకుండా ముందు ప్యాడ్లను చూడాలి. ఆయిల్ అని మనం పిలిచే ఈ ద్రవం నిజానికి నూనె కాదు. అందులో ఇంజన్ ఆయిల్ పోస్తే రబ్బర్లన్నీ ఉబ్బి బ్రేకులే పోతాయి. డబ్బా మూత మీద డాట్ 3, డాట్ 4 అని ఏది రాసి ఉంటే అదే వాడాలి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక సీలు తీసి చాలాకాలమైన సీసా పనికిరాదు.

కావలసిన సామాను

జాకీ, బండి బరువు మోయగల ఇనుప స్టాండు, చక్రాలకు అడ్డుపెట్టే చెక్కలు, వీల్ పానా, రింగు పానాలు లేక సాకెట్ సెట్టు, సి ఆకారపు క్లాంపు, వైరు బ్రష్షు, బ్రేకు క్లీనరు, బ్రేకులకు వాడే ప్రత్యేకమైన గ్రీజు, కాస్త గట్టి తీగ, ముక్కుకు గుడ్డ, చేతి తొడుగులు. బిగింపును కొలిచే టార్కు పానా ఉంటే మరీ మంచిది. దానిని సంఘం తరఫున ఒకటి కొని ఉంచుకుంటే పదిమందికీ పనికి వస్తుంది.

ప్యాడ్లు కొనేటప్పుడు బండి మోడలు, తయారైన సంవత్సరం చెప్పి, పార్టు నంబరు సరిచూసి, బిల్లు తీసుకోవాలి. రాణిగంజ్ సామాను బజారులో అయినా, ఇంటి పక్క దుకాణంలో అయినా బిల్లు లేని చౌక ప్యాడును మేము ఒప్పుకోము. ముందు చక్రాలు రెండింటికీ ఒకేసారి మార్చాలి. ఒకవైపు కొత్తవి, ఒకవైపు పాతవి ఉంటే బ్రేకు వేసినప్పుడు బండి పక్కకు లాగుతుంది.

పని చేసే విధానం

బండిని గట్టి సమతల నేల మీద నిలపాలి. చందానగర్ అపార్టుమెంట్ల సెల్లారులో చేసేవారు ర్యాంపు వాలుకు దూరంగా జరగాలి. బండి గేరులో ఉంది కదా అని ధీమా పడవద్దు. ముందు చక్రాలు లాగే కార్లలో ఒక ముందు చక్రం పైకి లేస్తే గేరు పట్టు పోతుంది. వెనుక చక్రాలను పట్టే చేతి బ్రేకు, వాటికి ముందూ వెనుకా పెట్టిన చెక్కలే బండిని ఆపుతాయి.

చక్రం నేల మీద ఉండగానే నట్లను అర చుట్టు వదులు చేయాలి. తర్వాత మాన్యువల్‌లో చూపిన చోటనే జాకీ పెట్టి ఎత్తి, వెంటనే స్టాండు మీద దింపాలి. జాకీ ఒక్కదానినే నమ్మి బండి కింద చేయి పెట్టడం ప్రాణంతో చెలగాటం. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు స్టాండుకు బదులు కావు. అవి చెప్పాపెట్టకుండా పగులుతాయి. విప్పిన చక్రాన్ని బండి అంచు కింద పడుకోబెడితే అది రెండో రక్ష.

స్టీరింగును బయటికి తిప్పితే క్యాలిపర్ వెనుక బోల్టులు అందుతాయి. చాలా బండ్లలో కింది బోల్టు తీసి క్యాలిపర్‌ను పైకి మడిస్తే చాలు. పూర్తిగా విప్పవలసి వస్తే తీగతో స్ప్రింగుకు కట్టాలి, రబ్బరు గొట్టానికి వేలాడనీయరాదు. పాత ప్యాడ్లు ఏది లోపలిది, ఏది బయటిది చూసుకోవాలి. ఒకవైపు పూర్తయ్యాకే రెండోవైపు విప్పితే, సందేహం వచ్చినప్పుడు చూసుకోవడానికి నమూనా ఉంటుంది.

ఇక్కడ కాసేపు ఆగి పరిశీలించాలి. పిస్టన్ చుట్టూ రబ్బరు తొడుగు చిరిగినా, తడి కనిపించినా, డిస్కుకు పగులు ఉన్నా, దాని మీద చెక్కిన కనీస మందానికంటే అరిగినా పని ఆపి మెకానిక్కును పిలవాలి. ప్యాడు పూర్తిగా అరిగి ఇనుప రేకు డిస్కును కోసేసిన బండ్లను మేము చూశాము. అటువంటప్పుడు డిస్కులు కూడా మార్చవలసి వచ్చి ఖర్చు బాగా పెరుగుతుంది.

బ్రేకు ధూళిని నోటితో గాని గాలి పంపుతో గాని ఊదరాదు, క్లీనరుతో తడిపి తుడవాలి. కిరోసిన్, డీజిలు వద్దు. డబ్బా మూత తీసి, పాత ప్యాడును పిస్టనుకు ఆనించి, క్లాంపుతో మెల్లగా లోపలికి నెట్టాలి. అప్పుడు డబ్బాలో మట్టం పెరుగుతుంది. పొంగేట్లుంటే కొంత తోడేయాలి, ఆ ద్రవం పెయింటు మీద పడితే రంగు లేస్తుంది. జారే పిన్నులకు, ప్యాడు చెవులకు పలుచగా గ్రీజు రాయాలి. ప్యాడు ముఖానికి, డిస్కుకు చుక్క కూడా అంటరాదు. కొత్తవి పెట్టి, బోల్టులను మాన్యువల్‌లోని అంకె ప్రకారం బిగించాలి. చక్రం నట్లను ఎదురెదురుగా బిగిస్తూ, బండి దించాక చివరి బిగింపు ఇవ్వాలి.

బండి కదిలించే ముందు

పిస్టన్లు లోపలికి పోయి ఉన్నాయి కనుక మొదటిసారి తొక్కితే పెడలు నేలకు తగులుతుంది, బ్రేకు పడదు. ఈ సంగతి తెలియక బండి తీసినవారు సెల్లారు స్తంభానికి గుద్దగలరు, లేదా ఎదురుగా ఉన్న మనిషిని గుద్దగలరు. ఇంజను ఆపి ఉండగానే పెడలు గట్టిపడే వరకు పలుమార్లు తొక్కాలి. తర్వాత డబ్బాలో మట్టం రెండు గీతల మధ్య ఉందో లేదో చూసి మూత వేయాలి. నడక వేగంతో నాలుగడుగులు పోనిచ్చి ఆపి చూడాలి. ఎంత తొక్కినా పెడలు మెత్తగా ఉంటే లోపల గాలి చేరిందని అర్థం. ఆ బండి రోడ్డెక్కరాదు.

అన్నీ సరిగా ఉంటే ఖాళీ రోడ్డు మీద 50 కిలోమీటర్ల వేగం నుండి 10కి మెల్లగా తగ్గిస్తూ, మధ్యమధ్య చల్లారనిస్తూ ఎనిమిది పది సార్లు చేస్తే ప్యాడు డిస్కుకు సర్దుకుంటుంది. మొదటి 300 కిలోమీటర్లు అత్యవసరమైతే తప్ప బ్రేకు గట్టిగా వేయవద్దు. నిండు క్యాన్లతో ఉదయపు ట్రిప్పుకు కొత్త ప్యాడ్లతో నేరుగా బయలుదేరడం తగదు, ముందురోజు మధ్యాహ్నమే ఈ పని ముగించాలి. 100 కిలోమీటర్ల తర్వాత చక్రం నట్ల బిగింపు మరొకసారి చూడాలి.

సంఘం వ్యాను అయితే మార్చిన తేదీ, మీటరులోని కిలోమీటర్లు, ప్యాడు పార్టు నంబరు వాహనం రిజిస్టరులో రాసి, బిల్లు వోచరుకు జతపరచాలి. తనిఖీకి వచ్చినప్పుడు మేము ఆ పేజీని తీసి చూస్తాము.