సైకిల్ తొక్కితే కరిగేది ఎంత?

శాంటా క్లారాలో శాన్ తోమాస్ అక్వినో వాగు పక్క దారిలో సైకిల్ మీద ఆఫీసులకు వెళ్లే మనవాళ్లు చాలామందే ఉన్నారు. అరగంట తొక్కాక చేతి గడియారం 400 క్యాలరీలు అని చూపిస్తే, మధ్యాహ్నం ఎల్ కమీనో రియల్‌లో బఫేకి మనసు లాగుతుంది. చిక్కంతా ఇక్కడే.

ఇంట్లోనే లెక్క

ఊరికే కూర్చున్నప్పుడు ఒంట్లో ఖర్చయ్యే శక్తిని ఒక 'మెట్' అంటారు. గంటకు 10-12 మైళ్ల వేగంతో సైకిల్ తొక్కితే 6.8 మెట్‌లు, 12-14 మైళ్లయితే 8 మెట్‌లు అని 2011లో సవరించిన అమెరికా పరిశోధకుల పట్టిక చెబుతోంది. మెట్‌లను మీ బరువుతో (కిలోల్లో), తొక్కిన గంటలతో గుణిస్తే క్యాలరీలు వస్తాయి. బరువు పౌండ్లలో తెలిస్తే 2.2తో భాగించండి.

70 కిలోల మనిషి 6.8 మెట్‌ల చొప్పున అరగంట తొక్కితే 238 క్యాలరీలు. అందులో 35 కుర్చీలో కూర్చున్నా ఖర్చయ్యేవే. అంటే సైకిల్ వల్ల అదనంగా కరిగింది సుమారు 200!

గడియారం ఎందుకు తప్పుతుంది?

మన పక్కనున్న స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2017లో 60 మందికి ఏడు రకాల పట్టీలు తొడిగి చూశారు. గుండె వేగాన్ని ఆరు పట్టీలు 5 శాతం లోపు తేడాతో చెప్పాయి. క్యాలరీల దగ్గర మాత్రం అన్నిటికన్నా మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పింది. అన్నిటికన్నా అధ్వానమైనది 93 శాతం! ఎండకూ, కాఫీకీ, కంగారుకూ గుండె వేగం పెరుగుతుంది. అదంతా శ్రమ కాదు కదా.

మన ఊరు చదునైన నేల. సిగ్నళ్ల దగ్గర ఆగుతాం. ఎదురుగాలి ఉంటే అదే వేగానికి ఎక్కువ శక్తి కావాలి. మోటారున్న ఈ-బైక్ అయితే ఖర్చు తక్కువ. పెడల్ మీద పవర్ మీటర్ ఉన్నవారికి అది చూపే కిలోజౌళ్ల అంకె దాదాపు క్యాలరీల అంకెకు సమానం. గడియారం కన్నా అది నమ్మదగినది.

మనకెందుకు ఇంత పట్టింపు?

దక్షిణాసియా వారికి తక్కువ బరువులోనే మధుమేహం, గుండెజబ్బు వస్తున్నాయి. అందుకే ఆసియా మూలాల వారికి బీఎంఐ 23 నుంచే షుగర్ పరీక్ష చేయాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015లో సూచించింది. కరగని క్యాలరీలకు బదులు తింటే నష్టం మనకే. ఇన్సులిన్ వాడేవారు క్యాలరీల అంకెను కాదు, షుగర్ మీటర్‌ను నమ్మాలి. జేబులో గ్లూకోజ్ బిళ్లలు ఉంచుకోవాలి.

వారంలో ఐదు రోజులు అరగంట చొప్పున తొక్కితే వైద్యులు చెప్పే 150 నిమిషాలు పూర్తవుతాయి. గడియారం అంకె ఈ వారానికీ పోయిన వారానికీ పోల్చుకోవడానికే. కంచంలో ఎంత వడ్డించుకోవాలో దాన్ని అడగకండి.