‘పరిశోధనలో చేరతారా?’ అని డాక్టరుగారు అడిగితే...

పరగడుపున రక్తం ఇచ్చి, రిపోర్టు చేతికి రాగానే మనలో చాలామంది మొదట చూసేది కొలెస్ట్రాల్ అంకె. అదే కాగితంలో ఇంకొక వరుస ఉంటుంది: ట్రైగ్లిజరైడ్లు. 150 లోపు ఉండవలసిన ఆ అంకె కొందరికి 300, 400, ఇంకా పైన ఉంటుంది. డాక్టరుగారు అన్నం తగ్గించమని, నడవమని చెప్పి, మందు రాసి, చివరగా ఇలా అడగవచ్చు: “దీనిమీద ఒక పరిశోధన జరుగుతోంది. మీలాంటివారు కావాలి. చేరతారా?”

ఆ మాట ఇంట్లో చెప్పగానే చర్చ మొదలవుతుంది. “మనమీద ప్రయోగాలా? మనమేమైనా ఎలుకలమా నాన్నా?” అంటాడు కొడుకు. “అంత మంచి డాక్టరుగారు మన మేలుకే చెప్పి ఉంటారు, సంతకం పెట్టేయండి” అంటుంది భార్య. ఇద్దరి మాటల్లోనూ కొంత నిజముంది, కొంత పొరపాటు ఉంది. అందుకే ఈ విషయాన్ని నెమ్మదిగా తెలుసుకుందాం.

ట్రైగ్లిజరైడ్లు ఎందుకు పెరుగుతాయి?

ఇవి రక్తంలో తిరిగే ఒక రకం కొవ్వు. “నూనె తగ్గించాను, నెయ్యి ముట్టడం లేదు, అయినా ఎందుకు పెరిగాయి?” అని చాలామంది అడుగుతారు. ఖర్చుకాకుండా మిగిలిన పిండిపదార్థాన్ని, చక్కెరను కాలేయం కొవ్వుగా మారుస్తుంది. కాబట్టి మూడు పూటలా తెల్లన్నం, రోజుకు నాలుగు తీపి టీలు, కూల్ డ్రింకులు కూడా వీటిని పెంచుతాయి. కల్లు, సారా, బ్రాందీ ఏదైనా సరే, మద్యం మరీ పెంచుతుంది. అదుపులో లేని షుగరు, థైరాయిడ్ లోపం, కిడ్నీ జబ్బు, కొన్ని రకాల మందులు కూడా కారణం కావచ్చు.

150 నుండి 199 వరకు ఉంటే హద్దుమీద ఉన్నట్లు. 200 నుండి 499 వరకు ఎక్కువ. 500, ఆపైన ఉంటే చాలా ఎక్కువ. ఇవి ఎక్కువగా ఉన్నవారిలో గుండెజబ్బు ప్రమాదం ఎక్కువ. 500 దాటినకొద్దీ, ముఖ్యంగా 1000 దాటితే, క్లోమగ్రంథి వాచే ప్రమాదం పెరుగుతుంది. పైకడుపులో మొదలై వీపులోకి పొడుచుకుపోయే నొప్పి, వాంతులు దాని లక్షణాలు. అది ప్రాణాలమీదికి తెస్తుంది. అలాంటి నొప్పి వస్తే గ్యాసు అనుకుని ఇంట్లో కూర్చోవద్దు, వెంటనే ఆసుపత్రికి రండి.

మందులున్నాయి కదా, ఇంకా పరిశోధన ఎందుకు?

అంకె తగ్గడం వేరు, మనిషికి మేలు జరగడం వేరు. పెమాఫైబ్రేట్ అనే మందును షుగరు వ్యాధి ఉన్న 10,497 మందితో 24 దేశాలలో పరీక్షించారు. 2022లో ఫలితాలు వచ్చాయి. ట్రైగ్లిజరైడ్లు నాలుగో వంతు పైగా తగ్గాయి. కాని గుండెపోట్లు, పక్షవాతం మాత్రం తగ్గలేదు! రక్తపరీక్షను మాత్రమే చూసి ఉంటే ఆ మందు గుండెను కాపాడుతుందనే అందరూ నమ్మేవారు. నిజం తెలిసింది ఆ పదివేలమంది స్వచ్ఛందంగా ముందుకు వచ్చినందువల్లనే.

ఇంకొకటి చూడండి. చేపనూనె నుండి శుద్ధిచేసిన ఐకోసాపెంట్ ఇథైల్ అనే మందును మన దేశంతో సహా 11 దేశాలలో 8,179 మంది మీద దాదాపు ఐదేళ్లు పరీక్షించి 2018లో ఫలితాలు ప్రకటించారు. గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బుతో మరణం వంటివి 25 శాతం తగ్గాయి. అయితే కొందరిలో గుండె లయ తప్పడం ఎక్కువగా కనిపించింది. పోల్చి చూడడానికి రెండవ వర్గానికి ఇచ్చిన మినరల్ ఆయిలే వారికి కొంత హాని చేసిందేమోనన్న వాదన కూడా ఉంది. వేరొక రకం చేపనూనె మందుతో 13,078 మందిపై చేసిన పరిశోధనను, మేలు కనబడే అవకాశం లేదని 2020లో మధ్యలోనే ఆపేశారు. అంటే అసలు ప్రశ్నకు జవాబు ఇంకా పూర్తిగా దొరకలేదు.

వైద్యం వేరు, పరిశోధన వేరు

ఓ.పి.లో మీకు మందు రాసేటప్పుడు డాక్టరుగారు ఆలోచించేది మీ ఒక్కరి గురించి. పరిశోధనలో మాత్రం ముందుగా రాసుకున్న పద్ధతి ప్రకారం నడవాలి. సాధారణంగా చీటీలు వేసినట్లు కొందరికి కొత్త మందు, కొందరికి మందు లేని ఉత్తి మాత్ర ఇస్తారు. మీకు ఏది వచ్చిందో మీకూ తెలియదు, చాలాసార్లు డాక్టరుగారికీ తెలియదు. మీరు వాడుతున్న మిగతా మందులు మామూలుగా కొనసాగవచ్చు. ఏది ఉంచుతారో, ఏది మారుస్తారో ముందే అడిగి తెలుసుకోవాలి. మీకు మేలు జరగవచ్చు, జరగకపోవచ్చు. తప్పక వచ్చే ఫలితం ఒక్కటే, మీ తరువాత వచ్చే రోగులకు ఒక జవాబు.

కాదనలేక సంతకం పెట్టవద్దు

మనవంటి ఆసుపత్రులలో ఒక ఇబ్బంది ఉంది. “మా అమ్మాయి కాన్పు ఇక్కడే జరిగింది. నాన్నగారిని ఇక్కడే బతికించారు. ఇప్పుడు కాదంటే డాక్టరమ్మగారు ఏమనుకుంటారో” అన్న మొహమాటం. కృతజ్ఞత మంచిదే. కాని సంతకంతో తీర్చవలసిన అప్పు ఏదీ లేదు. మీరు వద్దన్నా మీకు అందే వైద్యంలో ఏ లోటూ రాకూడదు. అది మీ హక్కు.

ఒకరి బదులు మరొకరు ఒప్పుకుంటే ఏమవుతుందో మన ప్రాంతం చూసింది. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో, గర్భాశయ ముఖద్వార క్యాన్సరు రాకుండా వేసే టీకాను ఒక అధ్యయనంలో భాగంగా 10 నుండి 14 ఏళ్ల ఆడపిల్లలకు ఇచ్చారు. చాలామంది హాస్టలు పిల్లల అంగీకార పత్రాలమీద తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు సంతకాలు చేశారు. 2010లో ఆ కార్యక్రమాన్ని నిలిపివేశారు. కొందరు పిల్లల మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. టీకా మంచిదే. కాని అంగీకారం తీసుకున్న తీరును 2013లో పార్లమెంటు సంఘం గట్టిగా తప్పుపట్టింది.

ఇప్పుడు కొత్త మందుల పరీక్షలకు 2019 నాటి నియమాలు అమలులో ఉన్నాయి. వాటి ప్రకారం నైతిక కమిటీ అనుమతి లేకుండా పరిశోధన మొదలుపెట్టకూడదు. ఆ కమిటీలో డాక్టర్లే కాక, న్యాయం తెలిసినవారు, సామాన్య పౌరులు కూడా ఉండాలి. విషయమంతా మీకు అర్థమయ్యే భాషలో చెప్పాలి. చదవలేనివారికి పరిశోధనతో సంబంధం లేని సాక్షి ఎదుట చదివి వినిపించాలి. సంతకం చేసిన పత్రం నకలు మీకు ఇవ్వాలి. పరిశోధనవల్ల హాని జరిగితే ఉచితంగా వైద్యం చేయించి, నష్టపరిహారం చెల్లించాలి.

సంతకానికి ముందు ఈ ప్రశ్నలు అడగండి

• ఈ మందును ఇంతకుముందు మనుషులకు ఇచ్చారా? ఏ ఇబ్బందులు కనబడ్డాయి?
• నా షుగరు, బి.పి. మందులు మార్చాలా, ఆపాలా?
• ఎన్ని నెలలు? ఎన్నిసార్లు రావాలి? ఎంత రక్తం తీస్తారు?
• బస్సు ఛార్జీలు, పోయిన కూలి ఇస్తారా? పరీక్షలకు నేనేమైనా కట్టాలా?
• అర్ధరాత్రి కడుపునొప్పి వస్తే ఎవరికి ఫోను చేయాలి?
• క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో దీని నంబరు ఎంత?
• పరిశోధన ముగిశాక నా ఫలితాలు నాకు చెబుతారా?

జవాబులు అక్కడికక్కడే విని తలూపవద్దు. పత్రాన్ని ఇంటికి తెచ్చుకోండి. ఇంట్లో చదువుకున్నవారితో చదివించుకోండి. చేరిన తరువాత కూడా ఎప్పుడైనా, కారణం చెప్పకుండానే మానుకోవచ్చు. కాని చెప్పకుండా మాయం కావద్దు. మందును ఎలా ఆపాలో డాక్టరుగారే చెప్పాలి.

చేరితే మీ వంతు బాధ్యత కూడా ఉంది. మాత్ర మరచిపోతే మరచిపోయానని చెప్పండి. పండుగకు తాగి ఉంటే తాగానని చెప్పండి. నాటుమందు వాడుతుంటే దాచవద్దు. పరగడుపున రమ్మంటే మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోకుండా రండి. ఒక్కరు అబద్ధం చెప్పినా ఆ లెక్కలో తప్పు చేరుతుంది. ఆ తప్పు రేపు ఇంకొకరి మందు చీటీలోకి వస్తుంది.

ఇప్పుడు ఆ తండ్రీకొడుకుల దగ్గరికి వద్దాం. ఎలుకను ఎవరూ అనుమతి అడగరు. మిమ్మల్ని అడుగుతున్నారు. ఆ తేడా నిలబడాలంటే అన్నీ తెలుసుకుని జవాబు చెప్పాలి. చేరతానన్నా మంచిదే, వద్దన్నా మంచిదే. ఏ జవాబు చెప్పినా ఈ రాత్రి కంచంలో అన్నం కొంచెం తగ్గించి కూర పెంచండి, రేపు ఉదయం అరగంట నడవండి, డాక్టరుగారు చెప్పిన తేదీకి మళ్లీ రక్తపరీక్ష చేయించుకోండి. దానికి ఏ సంతకమూ అక్కరలేదు.