మీకు తెలుసా? పెట్టెలోంచి దిగే వీరులు

విజ్‌కిడ్స్ సంస్థ 2002లో హీరోక్లిక్స్ ఆట తెచ్చింది. ఇందులో ప్రతి సూపర్‌హీరో బొమ్మ కింద తిరిగే చక్రం ఉంటుంది. పీటకున్న చిన్న సందులోంచి వేగం, దాడి, రక్షణ, దెబ్బ బలం అంకెల్లో కనిపిస్తాయి. దెబ్బ తగిలినప్పుడల్లా ఆ మేరకు చక్రం తిప్పితే అంకెలు మారిపోతాయి. చాలామంది వీరులు క్రమంగా నీరసిస్తారు. కొందరు మాత్రం దెబ్బతిన్నాకే రెచ్చిపోతారు, అచ్చం కథల్లోలాగే. మొదట మార్వెల్ వీరులొచ్చారు, అదే ఏడాది డీసీ వాళ్లూ దిగారు. నియమాలు ఒకటే కాబట్టి స్పైడర్‌మ్యాన్‌కు ఎదురుగా బ్యాట్‌మ్యాన్‌ను నిలపొచ్చు. కామిక్స్ పుస్తకాల్లో ఆ జోడీ ఎప్పుడో గానీ దొరకదు. అభిమానులను ఇంతగా పట్టేసింది ఇదేనని నా నమ్మకం. మూసిన పెట్టెలో ఎవరున్నారో తెరిచేదాకా తెలియదు, ఆ ఉత్కంఠ వేరే!

ఇలా బొమ్మలుగా దిగే వీరులు మన ఓరుగల్లు (వరంగల్) సీమకూ కొత్త కాదు. మందహెచ్చుల కళాకారులు గొల్లల వీరుడు కాటమరాజు కథను రంగురంగుల బొమ్మలతో చెబుతారు. పాత్ర వచ్చినప్పుడు దాని బొమ్మను తీసి జనానికి చూపిస్తారు. పుల్లరి (పశువుల మేత పన్ను) తగాదా ముదిరి నెల్లూరు రాజు నల్లసిద్ధితో జరిగిన పోరు ఈ కథకు ఆయువుపట్టు.

ఇలాంటి బొమ్మలకు చేర్యాల నకాశీ కళాకారులు పెట్టింది పేరు. తేలికైన పొనికి కర్రను చెక్కి, రంపపు పొట్టులో చింతగింజల జిగురు కలిపిన ముద్దతో ముఖం, చేతులు తీర్చి, ఆరాక రంగులు వేస్తారు. చేర్యాల ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది. 2016 దాకా వరంగల్ జిల్లాలోదే.