కుక్కలకు కన్నీరెండు వ్యాధి

మన సహకార సంఘ సభ్యులలో ఇంట నొక కుక్కనైనను పెంచనివారు అరుదు. కళ్లమునందు ధాన్యమును, పాకయందు మేకలను, తోటయందు కాయలను రాత్రివేళ కాచునది అదియే. ఎద్దు కుంటిన వెంటనే వైద్యుని పిలుతుము. ఆవు మేత మానిన నాడే పశువైద్యశాలకు కబురంపుదుము. కుక్క కంట పుసి కట్టినచో మాత్రము, "దుమ్ము పడియుండును, దానంతట తగ్గును" అని యూరకుందుము. ఇట్లూరకుండుటవలన మా యింటి కుక్కకు ఒక కన్ను పోయినది. ఆ తప్పు మాదే. సభ్యులలో మరియొకరు అట్టి తప్పు చేయకుండుటకై యీ వ్యాసము వ్రాయుచున్నాము.

మా యింటి సంగతి

మేము విశాఖపట్టణమున కంచరపాలెమందు కాపురముందుము. మన సభ్యులలో కొందరు కూరగాయలు తెచ్చి విక్రయించు రైతుబజారు అచ్చటనే కలదు. దాపున రైలుదారియు, కొంతదూరమున 1933 లో తెరవబడిన ఓడరేవును గలవు. రేవున బొగ్గు, ముడియినుము దిగుమతి యెగుమతులు జరుగుచుండుటచే గాలిలో నల్లదుమ్ము మాకు క్రొత్త కాదు. అందుచేత మా కుక్క మోతికి ఏడవయేట కండ్ల పుసి కట్టుట మొదలుపెట్టినప్పుడు మేము నెపము దుమ్ముపైననే మోపితిమి.

ఉదయమున కాచి చల్లార్చిన నీటితో కడుగుదుము. మధ్యాహ్నమునకే మరల పచ్చని జిగురు తీగలుగా సాగుచుండెను. ఇంట పిల్లవానికి కన్నెఱ్ఱనైనప్పుడు కొన్న మందుగొట్టము మిగిలియుండగా, దానినే రాచితిమి. నాలుగు దినములు తగ్గినట్లుండి, మానగానే మరల వచ్చెను. ఈ విధముగా నాలుగు మాసములు గడచినవి. మోతి యెండలోనికి పోవుటకు వెనుదీసెను. ఎడమకన్ను సగము మూసికొని తిరిగెను. ఆ కంటి నల్లగ్రుడ్డుపై గోధుమవన్నె పొర యొకటి మెల్లమెల్లగా ప్రాకెను. ఒకనాటి సాయంకాలము, తాను నిత్యము దిగు మెట్టుననే అది తడబడి పడినది. మరునాడుగాని మేము దానిని పశువైద్యునియొద్దకు తీసికొనిపోలేదు.

వైద్యులవారు కంటిని కడుగలేదు, మందు వేయలేదు. మొదట సన్నని కాగితపు ముక్క యొకదాని కొనను క్రిందిరెప్పలో తగిలించి, గడియారము చూచుచు ఒక నిమిషము పట్టియుంచిరి. తడి కాగితముపై ఎంతదూరము ప్రాకెనో కొలిచిరి. కుడికంట 7 మిల్లీమీటర్లు, ఎడమకంట 2 మిల్లీమీటర్లు. "ఈ కుక్కకు కన్నీరు లేదు. మీరు నాలుగు నెలలు కడిగినది జబ్బును కాదు, జబ్బు విడిచిన మడ్డిని" అని చెప్పిరి.

వ్యాధి స్వభావము

కన్నీరు దుఃఖమునకు మాత్రమే పుట్టునది కాదు. అది రేయింబవళ్లు మూడు పొరలుగా గ్రుడ్డుపై పరచుకొని యుండును. గ్రుడ్డునంటి జిగురుపొర, దానిపై నీటిపొర, ఆ నీరావిరి కాకుండ పైని పలుచని నూనెపొర. నీటిని స్రవించు గ్రంథులు కుక్కకు ప్రతికంటను రెండు గలవు. ఒకటి పైరెప్ప మాటున, రెండవది ముక్కుదెస మూలనుండు మూడవ రెప్పయందు. ఈ గ్రంథులు చెడినప్పుడు నీరు తగ్గును, జిగురు మిగులును.

రైతులకు ఇది చెప్పవలసిన పని లేదు. వేసవిని చెరువు నీరింకినచో అడుగున బురద తేలును. బురదను గంపలకొలది తోడినను చెరువు నిండదు, కట్టుకాలువ బాగుచేయవలెను. కుక్క కంటి పుసియు ఆ బురదవంటిదే.

నల్లగ్రుడ్డు పైపొరలో రక్తనాళములు లేవు. గాలిలోని ప్రాణవాయువు దానికి కన్నీటి ద్వారముననే చేరును. తడి యారినపుడు ఆ పొర గరుకెక్కును, ఎఱ్ఱని నాళములు దానిలోనికి ప్రాకును, పిమ్మట గోధుమవన్నె మచ్చ కప్పును. కొన్నిట పుండు పడి, పువ్వు వేసి, గ్రుడ్డు చిట్లుటయు కలదు.

కారణములు

ఎక్కువ కుక్కలలో, శరీరమును కాపాడవలసిన రక్షణశక్తియే దారితప్పి తన గ్రంథులను తానే నాశనము చేయును. పగ్, షిజూ, లాసా ఆప్సో, కాకర్ స్పానియల్, బుల్‌డాగ్ మొదలగు జాతులలో నిది హెచ్చు. నాటుకుక్కలకు రాదని తలపరాదు. మా మోతి నాటుకుక్కయే.

మన చేతిలోనున్న కారణములును కొన్ని గలవు. మొదటిది డిస్టెంపరు అను అంటువ్యాధి. పిల్లగా నున్నప్పుడే టీకా వేయించినచో దీనిని తప్పించుకొనవచ్చును. రెండవది సల్ఫా జాతి మందులు. దూడల విరేచనములకు కొనియుంచిన బిళ్లలను కుక్కకును విరిచి వేయు అలవాటు కొన్నియిండ్ల గలదు. ఈ మందులు కొన్ని కుక్కలలో కన్నీటి గ్రంథిని దెబ్బతీయును. మందు మానినను ఒకొక్కప్పుడు నీరు మరల ఊరదు. మూడవది, కంటిమూల ఎఱ్ఱని గింజవలె ఉబికివచ్చు మూడవరెప్ప గ్రంథిని కోయించుట. అది వ్రణము కాదు, నీటిబుగ్గ. దానిని లోనికి నెట్టి కుట్టవలెనుగాని కోసివేయరాదు. ఇవిగాక నరము దెబ్బతినుటచే ఒకకన్ను మాత్రమే ఎండుటయు కలదు. అప్పుడు ఆ ప్రక్క ముక్కుపుటము కూడ పొడిబారి యుండును.

పరీక్ష

పైన చెప్పిన కాగితపు పరీక్షను 1903 లో షిర్మర్ అను జర్మను నేత్రవైద్యుడు మనుష్యుల కొరకు వెల్లడించెను. కుక్కకు ఒక నిమిషములో 15 మిల్లీమీటర్లు గాని అంతకెక్కువ గాని తడిసినచో మంచిది. 10 మొదలు 15 వరకు అనుమానము. 10 కి లోబడినచో, గుర్తులును తోడైనచో, వ్యాధి యున్నట్లే. ఈ పరీక్షకు మత్తు అక్కరలేదు, నొప్పి లేదు. పుసి కట్టు కుక్కను తీసికొనిపోయినపుడు, "అయ్యా, కన్నీరు కొలిచి చూడుడు" అని సభ్యులు తామే యడుగవచ్చును. కంటిలో ఏ మందైనను వేయకముందే కొలువవలెను.

చికిత్స

నార్వే దేశపు మట్టిలో దొరకిన యొక బూజునుండి సైక్లోస్పోరిన్ అను మందు తీసిరి. 1983 లో అమెరికా దేశమున దీనిని అవయవముల మార్పిడి చేయించుకొన్న రోగుల కొరకు ఆమోదించిరి. ఆ దశకముననే జార్జియా విశ్వవిద్యాలయపు పశువైద్యురాలు రెనీ కాస్వాన్ దీనిని కుక్కల కంట ప్రయోగించి, ఎండిన గ్రంథి మరల నీరూరుట కనుగొనెను. 1995 లో కుక్కలకు 0.2 శాతపు లేపనముగాను, 2002 లో మనుష్యుల పొడికంటికి 0.05 శాతపు చుక్కలుగాను ఇది ఆ దేశమున ఆమోదము పొందెను. కుక్కకు చేసిన వైద్యము మనుష్యునికి దారిచూపిన దృష్టాంతములలో నిది యొకటి.

ఈ మందు గ్రంథిపై జరుగు దాడిని అణచును. సాధారణముగా దినమునకు రెండు పర్యాయములు వేయుదురు. దీనికి లొంగనిచో టాక్రోలిమస్ అను మందు గలదు. నరము చెడిన కంటికి వైద్యము వేరు. ఏది, యెంత బలము గలది అనునది వైద్యుడే నిర్ణయింపవలెను. గ్రంథి తేరుకొనుటకు ఆరు వారములు, ఒకొక్కప్పుడు పండ్రెండు వారములును పట్టును. పదిదినములు వేసి, గుణము లేదని మానినవారు విత్తిన వారమునకే కోతకు పోయినవారివంటివారు. ఈలోపల కంటిని తడిగానుంచుటకు కృత్రిమ కన్నీటి చుక్కలు దినమునకు పలుమార్లు వేయవలెను.

ఈ మందు సాధారణముగా జీవితాంతము వేయవలసినదే. మామిడికాపు దినములలో మేము పర్యటనమునకు పోయి పండ్రెండు దినములు మందు తప్పించితిమి. తిరిగివచ్చుసరికి మోతి కుడికంటను పుసి తిరిగి తీగలు సాగుచుండెను.

ఇంట చేయదగిన పనులు

కాచి చల్లార్చిన నీటితోగాని, మందుల యంగడిలో దొరకు సెలైను నీటితోగాని మెత్తని దూది తడిపి, ముందు పుసిని నానబెట్టి పిమ్మట తుడువవలెను. ఒక్కొక్క కంటికి వేరు దూది వాడవలెను. కుక్క వెనుక కూర్చుండి, గడ్డము పైకెత్తి, పైరెప్పను లాగి, బియ్యపుగింజంత లేపనము వేయవలెను. ఎదురుగా పోయినచో అది బెదరును. వేసినవెంటనే రొట్టెముక్క యిచ్చినచో మరునాడు తానే వచ్చి కూర్చుండును. చుక్కలు ముందు, పది నిమిషములు తాళి లేపనము. చేతులు కడుగుకొనుట మరవరాదు. గోడ పంచాంగముపై ప్రతిపూటకును ఒక గీత గీసినచో తప్పిన పూట తెలియును. పొయ్యి పొగకును, నూర్పిడి దుమ్మునకును కుక్కను దూరముగా కట్టవలెను.

చేయరాని పనులు

చనుబాలు, నిమ్మరసము, తేనె, ఆముదము, నందివర్ధనపు పూలరసము, కాటుక, ఏ ఆకు పసరైనను కుక్క కంట పోయరాదు. మనుష్యులకు వ్రాసిన మందుగొట్టమును మేము వాడినట్లు వాడరాదు. స్టీరాయిడు కలిసినదై, కంట పుండున్నచో, గ్రుడ్డు చిట్లిపోవచ్చును. కుక్క కన్ను ఒక్కసారిగా మూసికొన్నను, గ్రుడ్డుపై తెల్లని లేక నీలిమచ్చ గాని గుంట గాని కానవచ్చినను, ఆనాడే వైద్యుని చేరవలెను. మరునాటికి వాయిదా వేయరాదు.

ముగింపు

మోతి కుడికంటి కొలత ఏడవ వారమున 14 మిల్లీమీటర్లకు వచ్చినది. ఎడమకంటి మచ్చ పోలేదు. దానితో అది వెలుగును మాత్రమే గుర్తించును. గుడ్డి కుక్కయైనను కుండలు, మంచములు చోటు మార్చకున్నచో సుఖముగా తిరుగును. మోతికి ఒక కన్ను మిగిలినది గనుక ఇప్పటికిని వీధిగుమ్మము కాచుచున్నది.

కొలదికాలము క్రిందట రైతుబజారునందు పెందుర్తివైపు రైతొకరు వంకాయలు దించుచు మాతో ననెను: "బాబూ, మా కుక్కకి కళ్లు పుసులు కడతన్నాయి. కడిగితే పోతాది, తెల్లారితే మళ్లీ వస్తాది." ఎన్నాళ్లయినదని యడుగగా రెండు వారములనెను. బుట్టలు ఖాళీయైన పిదప ఇంటికి పోక, ముందు కుక్కను తీసికొని పశువైద్యశాలకు పొమ్మంటిమి. కొలత 8 వచ్చినది. గ్రుడ్డుపై మచ్చ లేదు. నేడాయన కుక్క రెండుకండ్లతో తోటయందు పందులను తరుముచున్నది. మాకును ఆయనకును గల భేదము మూడున్నర మాసములు మాత్రమే.

కావున సభ్యులారా, వారము దాటి పుసి కట్టు కంటిని కడుగుచు కూర్చుండకుడు. ఒక నిమిషము కన్నీరు కొలిపించుడు.