పైమాట ఎవరిది?



పొలం గట్టు సంగతి మీకు నేను వేరే చెప్పనక్కరలేదు. పక్క పొలం రైతు చూస్తుండగా గట్టు జోలికి ఎవరూ పోరు. చీకటి రాత్రి, చూసేవారు లేనప్పుడు, జానెడు లోపలికి చెక్కుకుంటే ఏం పోయిందని కొందరికి అనిపిస్తుంది. కోర్టు ఎక్కడో దూరాన ఉంది. ఊరి పెద్దలు నిద్రలో ఉన్నారు. అప్పుడు కూడా చేతిలోని పార ఆగిందంటే దాన్ని ఆపింది ఏమిటి? ‘ఈ నేల నాకిచ్చినవాడు ఒకడున్నాడు, ఆయన మాట నా మాటకంటె పైది’ అన్న ఎరుక.

దైవాజ్ఞను పాటించడమంటే మనకు వెంటనే నియమాలు, నిషేధాలు గుర్తుకొస్తాయి. కాని అవన్నీ తర్వాతి మాట. ఆజ్ఞ ఇచ్చినవాని పెద్దరికాన్ని మనసు ఒప్పుకోవడం మొదటి మాట. అది లేనినాడు మిగిలేది భయం ఒక్కటే. భయం, కాపలావాడు వెనక్కి తిరిగేదాకానే పనిచేస్తుంది.

ఈ సంగతిని ప్రహ్లాదుని కథ చక్కగా విప్పి చెబుతుంది. పోతన గారి భాగవతం సప్తమ స్కంధంలో మనం చదువుకున్న కథే. సరిహద్దుల్లో ఉన్న మనకు ఇది మరీ దగ్గరిది. తంజావూరు ప్రాంతంలోని మెలట్టూరులో నృసింహ జయంతికి ఈ కథను భాగవతమేళగా ఆడతారు. వీధిలో వినిపించేది తమిళం, వేదికమీద పాడేది మెలట్టూరు వేంకటరామశాస్త్రి గారి తెలుగు. అటు ఒడిశాలోని గంజాం ప్రాంతంలో ఇదే కథ ఒడియాలో ప్రహ్లాద నాటకం. అక్కడ మెట్లు కట్టి, పైమెట్టున రాజు సింహాసనం వేస్తారు. అందరూ తలెత్తి అతని వంకే చూడాలి.

ఆ పైమెట్టే హిరణ్యకశిపుని చిక్కు. అతని బలం సొంతం కాదు, తపస్సు చేసి బ్రహ్మవల్ల పొందిన వరం. పుచ్చుకున్నవాడు ఇచ్చినవాణ్ణి మరిచాడు. తన పైన మరెవరూ లేరనుకున్నాడు. లోకమంతా అతని మాట విన్నది, భయంతో. వినని వాడు ఒక్కడే, కన్నకొడుకు. ఎవరి బలం చూసుకుని నన్ను ధిక్కరిస్తున్నావని తండ్రి గద్దిస్తే, తమకు బలమిచ్చినవాడే నాకూ బలమన్నట్టు జవాబు చెప్పాడు పసివాడు.

అయితే ప్రహ్లాదుడు మాట వినని పిల్లవాడా? కాదు. తండ్రి పంపితే చండామార్కుల దగ్గర చదువుకు వెళ్లాడు. తండ్రి పిలిస్తే వచ్చి దండం పెట్టాడు. కాదన్నది ఒక్కటే: దేవుడి చోట తండ్రిని కూర్చోబెట్టడం. చివరకు స్వామి వరం కోరుకోమంటే, తండ్రి పాపం పోగొట్టమని వేడుకున్నాడు. దైవం పెద్దరికాన్ని ఒప్పుకున్నవానికి కన్నవారిమీద గౌరవం తరగదు. అది ఎంతవరకో, ఎందుకో తెలుస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ‘ఇది దేవుడి ఆజ్ఞ’ అంటూ తమ ఆజ్ఞను మనమీద రుద్దేవారు ఎప్పుడూ ఉంటారు. వారిని పోల్చుకోవడం ఎలా? ప్రహ్లాదుణ్ణే చూడండి. బాధ తాను పడ్డాడు, ఎవరినీ బాధపెట్టలేదు. సాటి పిల్లలకు చెప్పిందికూడా సకల ప్రాణులమీద దయ చూపమనే. దేవుడి పేరు చెప్పి పొరుగువాణ్ణి ద్వేషించమనేవాడు కూర్చున్నది హిరణ్యకశిపుని మెట్టుమీదే.

ఇక మన ఇళ్ల సంగతి. ‘చెప్పిన మాట వింటావా, తన్నులు తింటావా’ అంటే పిల్లవాడు వింటాడు, మనం గడప దాటేదాకా. అదే పిల్లవాడు, కొట్లో పొరపాటున ఎక్కువ వచ్చిన చిల్లరను నాన్న వెనక్కి ఇవ్వడం చూశాడనుకోండి. నాన్నకూ పైన ఒక మాట ఉన్నదని గ్రహిస్తాడు. తాను తల వంచినవాడు చెప్పిన మాటకే ఇంట్లో బరువుంటుంది. తల వంచనివాని మాట బెదిరింపుగానే మిగిలిపోతుంది.

ఈసారి నృసింహ జయంతికి మీ ఊళ్లో ఈ ఆట ఆడితే, స్తంభం పగిలే ఘట్టం కోసమే కాచుక్కూర్చోకండి. అంతకు ముందు, నిండు సభలో ఒక్కడే నిలబడి, తండ్రికి దండం పెట్టి, కాదని చెప్పిన ఆ పసివాణ్ణి చూడండి. పక్కన మీ పిల్లలనుకూడా కూర్చోబెట్టుకోండి.