బుజ్జగిస్తే నవ్వే మరబొమ్మ



పసిపాపకు మాటలు రావు. అయినా "మా బంగారు తల్లీ" అంటే నవ్వుతుంది. "ఛీ! ముట్టుకోకు" అని గద్దిస్తే పెదవి విరుస్తుంది. మాటకు అర్థం తెలియదు. గొంతులో ఉన్న ప్రేమ, కోపం మాత్రం తెలుస్తాయి. ఇది తల్లులందరికీ తెలిసిన సంగతే.

ఈ సంగతి మీద అమెరికాలో పెద్ద పరిశోధన జరిగింది. చేసింది ఒక విద్యార్థిని. ఆమె పేరు సింథియా బ్రెజీల్. ఆమె ఎం.ఐ.టి. అనే పేరున్న విద్యాసంస్థలో చదివింది. తల్లులు పసిపిల్లలతో ఎలా మెలుగుతారో చెప్పే పుస్తకాలు చదివింది. 1990ల చివరి ఏళ్లలో ఒక మరబొమ్మను తయారు చేసింది. దీన్నే రోబో అంటారు. దానికి కిస్మెట్ అని పేరు పెట్టింది. మన వైపు కిస్మత్ అంటారు కదా, ఆ మాటే. అదృష్టం అని అర్థం.

కిస్మెట్‌కు కాళ్లు లేవు, చేతులు లేవు. తల ఒక్కటే. పెద్ద నీలికళ్లు, ఎర్రని పెదవులు. కనుబొమలు, చెవులు కదిలేవి. చూడటానికి కెమెరాలు, వినడానికి మైకు ఉండేవి. దాన్ని నడిపించడానికి చాలా కంప్యూటర్లు కావలసి వచ్చాయి.

అది ఎలా పని చేసేది?

మెచ్చుకునేటప్పుడు మన గొంతు ఒక తీరుగా ఉంటుంది. మందలిస్తే మరో తీరు. పిలిస్తే ఒక తీరు, ఓదారిస్తే ఇంకో తీరు. కంప్యూటర్లు ఆ గొంతు హెచ్చుతగ్గులను కొలిచేవి. ఏ తీరో పోల్చుకునేవి. వెంటనే ముఖంలోని చిన్న చిన్న మోటార్లు తిరిగేవి. మెచ్చుకుంటే బొమ్మ నవ్వేది. మందలిస్తే తల వాల్చేది. మరీ దగ్గరికి పోతే వెనక్కి జరిగేది.

వేరు వేరు భాషల ఆడవాళ్లను పిలిచి దానితో మాట్లాడించారు. మందలించమంటే మందలించారు. బొమ్మ తల వాల్చేసరికి కొందరికి పాపం అనిపించింది.

మరి బొమ్మకు బాధ కలిగిందా? లేదు. దానికి ఆకలి లేదు, నొప్పి లేదు. బాధ చూపించింది, అంతే. జాలి పుట్టింది మనిషి గుండెలోనే.

ఈ పరిశోధనకు 2000లో ఆమెకు డాక్టరేటు వచ్చింది. కిస్మెట్‌ను మ్యూజియంలో పెట్టారు. తర్వాత ఇలాంటి బొమ్మలు ఇంకా వచ్చాయి. జపానులో ముసలివాళ్లకు తోడుగా కూడా ఇస్తున్నారు. వాటితో కాసేపు పొద్దుపోతుంది. కానీ నవ్వే ముఖం ఉన్నంత మాత్రాన మనసు ఉన్నట్టు కాదు. ఈ తేడా మనం మరచిపోకూడదు.

ఇంకో మాట. "పిల్లను ఆడించడం కూడా ఒక పనేనా?" అని కొందరు తేలిగ్గా అంటారు. ఆ పనిలో ఎంత తెలివి ఉందో చూశారా? దానిలో కొంచెం మరకు నేర్పడానికే ఏళ్లు పట్టింది!

ఆలోచించండి, మాట్లాడుకోండి:
1. పాప ఏడిస్తే చేతికి ఫోను ఇస్తున్నాం. ఫోను పాట పాడుతుంది. పాప ఎందుకు ఏడుస్తోందో దానికి తెలుస్తుందా?
2. ఇవాళ మీ పాపతో ఎంతసేపు మాట్లాడారు?