డిజైన్ పరిశోధనలో పీహెచ్.డి.: ప్రవేశం, పరిశోధక వేతనం, ప్రశ్న స్వరూపం

1. ప్రవేశిక

‘డిజైన్’ అనే మాటకు తెలుగులో ‘రూపకల్పన’ సమానార్థకంగా వాడుకలో ఉంది. డాక్టరేట్ స్థాయికి వచ్చేసరికి ఈ మాట సరిపోదు. ఒక వస్తువుకు రూపం కల్పించడం ఒక పని. ఆ క్రమంలో ఇతరులు పరీక్షించి నిర్ధారించుకోగలిగిన జ్ఞానాన్ని సంపాదించడం మరొక పని. పీహెచ్.డి. పట్టా రెండవదానికి లభిస్తుంది. చక్కని వస్తువులు చేసిన అభ్యర్థి ఇంటర్వ్యూలో తడబడటానికీ, ఏ వస్తువూ చేయని సామాజికశాస్త్ర విద్యార్థి అదే విభాగంలో ప్రవేశం పొందడానికీ ఈ తేడాయే కారణం కావచ్చు.

అహమదాబాద్‌లోని జాతీయ డిజైన్ సంస్థ 1961లోనూ, ఐ.ఐ.టి. బొంబాయిలోని ఇండస్ట్రియల్ డిజైన్ సెంటర్ 1969లోనూ మొదలయ్యాయి. బోధనకు ఇంత చరిత్ర ఉన్నా, పరిశోధక వేతనాలు మాత్రం ఎక్కువగా విజ్ఞాన, సాంకేతిక, సామాజిక, మానవీయ శాస్త్రాలనే పాత విభజన మీదనే నడుస్తున్నాయి. డిజైన్ వీటి సరిహద్దుల్లో నిలబడే విషయం. అందువల్ల డబ్బు ఎటువైపు నుండి వస్తుందన్నది పరిశోధన ప్రశ్నను కూడా మార్చివేస్తుంది. దరఖాస్తుకు ముందే ఆలోచించవలసిన సంగతి ఇది.

2. ఒకే వస్తువు, మూడు ప్రశ్నలు

కళ, డిజైన్ రంగాల పరిశోధనను క్రిస్టఫర్ ఫ్రేలింగ్ 1993లో మూడు రకాలుగా విభజించారు: డిజైన్‌ను గురించి చేసేది, డిజైన్ కోసం చేసేది, డిజైన్ చేయడం ద్వారా చేసేది. ఈ విభజనపై తరువాత చాలా చర్చ జరిగింది. అయినా కొత్త దరఖాస్తుదారుకు ఇది ఇప్పటికీ అక్కరకు వచ్చే కొలబద్దే.

పోచంపల్లి ప్రాంతపు ఆసుపనిని ఉదాహరణగా తీసుకోవచ్చు. చిటికి చీర నేయడానికి ముందు నూలును అర్ధచంద్రాకారంలో అమర్చిన మేకుల చుట్టూ తిప్పుతూ ఆసు పోయాలి. ఒక చీరకు చేయి వేలసార్లు అటూ ఇటూ కదలాలి. ఈ పని ఎక్కువగా ఇంటి స్త్రీలది. తల్లి పడే భుజాల నొప్పిని చూసిన చింతకింది మల్లేశం ఆసుయంత్రాన్ని రూపొందించారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. అది గొప్ప డిజైన్. కానీ ‘అటువంటి మరొక యంత్రాన్ని తయారుచేస్తాను’ అన్న వాక్యం పరిశోధన ప్రతిపాదన కాజాలదు.

యంత్రం వచ్చిన తరువాత ఆ స్త్రీల సమయం ఎటు పోయింది? ఇంటి ఆదాయంలో వారి శ్రమకు విలువ పెరిగిందా, తరిగిందా? ఇది డిజైన్‌ను గురించిన ప్రశ్న. భుజం, మెడ కదలికలను కొలిచి, ఇకమీద తయారయ్యే పరికరాలకు ఏ ప్రమాణాలు ఉండాలో తేల్చడం డిజైన్ కోసం చేసే పరిశోధన. నేతవారితో కలిసి నమూనా పరికరాలను ఒకదాని తరువాత ఒకటి చేస్తూ, ఏది ఎందుకు మార్చవలసి వచ్చిందో నమోదు చేస్తూ పోవడం మూడవది. ఈ మూడవ పద్ధతిలో విఫలమైన నమూనా కూడా ఆధారమే. దానిని దాచి, చివరి వస్తువును మాత్రమే చూపే సిద్ధాంతగ్రంథం తన వాదానికి పునాదిని తానే తీసివేసుకుంటుంది.

దరఖాస్తుతో జతచేసే పనుల సంపుటికీ ఇదే వర్తిస్తుంది. నిగనిగలాడే ఇరవై చిత్రాల కంటే, ఒకే పనిలో తీసుకున్న నిర్ణయాలను, విడిచిపెట్టిన ప్రత్యామ్నాయాలను వివరించే నాలుగు పుటలు పర్యవేక్షకులకు ఎక్కువ చెబుతాయి.

3. ప్రవేశమార్గాలు

విశ్వవిద్యాలయాల్లో ప్రవేశానికి యు.జి.సి. 2022 నిబంధనలు ఆధారం. కనీస వ్యవధి 3 సంవత్సరాలు, గరిష్ఠ వ్యవధి 6 సంవత్సరాలు. ఆపై పొడిగింపుకు అవకాశం ఉంది. 2024 నుండి నెట్ ఫలితాలను పీహెచ్.డి. ప్రవేశానికి కూడా పరిగణిస్తున్నారు. జె.ఆర్.ఎఫ్. రానివారి విషయంలో నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం విలువ ఇస్తారు. చిక్కేమిటంటే, నెట్ జాబితాలో డిజైన్ ప్రత్యేక విషయంగా లేదు. అభ్యర్థి తన స్నాతకోత్తర చదువును బట్టి దృశ్యకళలు, గృహవిజ్ఞానం, సమాజశాస్త్రం వంటి సమీప విషయంలో పరీక్ష రాయవలసి వస్తుంది.

ఐ.ఐ.టి.లకు సొంత నియమాలున్నాయి. బొంబాయి, గువాహటి, హైదరాబాద్ ఐ.ఐ.టి.లలో డిజైన్ విభాగాలున్నాయి. ఐ.ఐ.టి. బొంబాయి నిర్వహించే సీడ్ పరీక్ష ఈ రంగానికి ప్రత్యేకమైనది. దాని ఫలితం ఒక సంవత్సరమే చెల్లుతుంది. ఏ విభాగం ఏ అర్హతను అంగీకరిస్తుందో ఆ సంవత్సరపు ప్రకటనలోనే చూసుకోవాలి.

ఉద్యోగంలో ఉన్న అధ్యాపకులకు పార్ట్‌టైమ్ మార్గం ఉంది. యజమాన్యం నుండి నిరభ్యంతర పత్రం తప్పనిసరి. అవసరమైతే కోర్సువర్కుకు విధుల నుండి విడుదల చేస్తామన్న హామీ కూడా అందులో ఉండాలి.

4. వేతనం లెక్క

2023 జనవరి 1 నుండి జె.ఆర్.ఎఫ్. మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తరువాత ఎస్.ఆర్.ఎఫ్. దశలో 42,000 రూపాయలు. ఐదేళ్లకు లెక్కవేస్తే 24 లక్షలు. ఇంటి అద్దె భత్యం దీనికి అదనం. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో నెట్ లేనివారికి ఇచ్చే వేతనం నెలకు 8,000 రూపాయలు మాత్రమే. ఒకే గదిలో కూర్చుని ఒకే స్థాయి పరిశోధన చేసే ఇద్దరి మధ్య ఇంత అంతరాన్ని విద్యాపరమైన ఏ కారణంతోనూ సమర్థించలేము.

వేతనం ఐదేళ్లకు ఆగిపోతుంది, గడువు ఆరేళ్లు. క్షేత్రపరిశోధన, నమూనాల తయారీ రెండూ ఉన్న డిజైన్ పరిశోధనకు ఆ ఆరవ ఏడాది తరచు అవసరమవుతుంది. దానికి డబ్బు ఎక్కడిదో మొదటి ఏడాదే ఆలోచించుకోవడం మంచిది. వేతనం నెలల తరబడి ఆలస్యం కావడం కూడా పరిశోధకులకు కొత్త కాదు.

5. విదేశీ అవకాశాలు

నెదర్లాండ్స్‌లో పీహెచ్.డి. పరిశోధకులు సాధారణంగా జీతం పొందే ఉద్యోగులు. డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయం వంటి చోట్ల నాలుగేళ్ల ఒప్పందం ఉంటుంది. అయితే ప్రకటన వెలువడేనాటికే ప్రాజెక్టు ప్రశ్న చాలావరకు స్థిరపడి ఉంటుంది. జీతం భద్రమే గాని ప్రశ్న పూర్తిగా అభ్యర్థిది కాదు. బ్రిటన్ పరిశోధన మండళ్లు 2021 నుండి విదేశీ విద్యార్థులకూ అవకాశమిస్తున్నాయి, కానీ స్థానాల్లో 30 శాతం వరకే. భారతదేశంలో ఇప్పటికే నమోదైనవారు కొన్ని నెలలు అమెరికాలో పనిచేయడానికి ఫుల్‌బ్రైట్-నెహ్రూ డాక్టోరల్ ఫెలోషిప్ ఉపకరిస్తుంది.

కేంద్రప్రభుత్వపు నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ గురించి కొంత వివరంగా చెప్పాలి. ఇది షెడ్యూల్డ్ కులాలు, విముక్త, సంచార, అర్ధసంచార తెగలు, భూమిలేని వ్యవసాయ కూలీలు, సంప్రదాయ చేతివృత్తులవారి పిల్లలకు ఉద్దేశించినది. 2022లో సవరించిన మార్గదర్శకాలు భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారతీయ సమాజ అధ్యయనాలకు చెందిన అంశాలను పథకం నుండి తప్పించాయి. అంటే, చేతివృత్తి కుటుంబంనుండి వచ్చిన విద్యార్థికి ఆ గుర్తింపుతోనే అర్హత వస్తుంది. ఆ వృత్తి చరిత్రనే పరిశోధిస్తానంటే అర్హత పోతుంది. పైన చెప్పిన మూడు ప్రశ్నలలో మొదటిది ఇక్కడ మూతపడుతుంది, భుజం కదలికలను కొలిచే రెండవది నిలుస్తుంది. చాలామంది తమ అంశాన్ని సాంకేతిక పరిభాషలోకి మార్చి రాయడానికి ఇటువంటి నియమాలే దారితీస్తాయి. అలా రాసేటప్పుడు ప్రశ్న కూడా మారిపోయిందేమో పర్యవేక్షకులు గమనించాలి.

6. క్షేత్రవ్యయం

వేతనం పరిశోధకుని జీవనానికి. నమూనా పరికరానికి కలప, ఇనుము, మోటారు కావాలి. మానవీయ, సామాజిక శాస్త్రాల జె.ఆర్.ఎఫ్. పరిశోధకునికి ఇచ్చే కంటింజెన్సీ మొదటి రెండేళ్లు ఏటా 10,000, తరువాత 20,500 రూపాయలు. కార్యశాల ఉన్న సంస్థలో చేరితే ఈ భారం తగ్గుతుంది. లేనిచోట మూడవరకం పరిశోధన దాదాపు అసాధ్యం.

సాధారణంగా ప్రతిపాదనల్లో కనిపించని ఖర్చు మరొకటి ఉంది. నేతకార్మికురాలు ఒకపూట పరిశోధకునితో కూర్చుంటే ఆ పూట ఆసు ఆగిపోతుంది. ఆమె కోల్పోయే కూలిని బడ్జెట్‌లో ప్రత్యేక పద్దుగా చూపాలి. నైతిక అనుమతి పత్రంలోనూ ఆ మొత్తాన్ని పేర్కొనాలి. కలిసి చేసిన నమూనాలో కొత్తదనం ఉంటే పేటెంటులో ఆమె పేరు ఉంటుందా లేదా అన్నది పని మొదలుకాకముందే రాతపూర్వకంగా తేల్చుకోవాలి. పేటెంటు దరఖాస్తు పత్రప్రచురణకు ముందే జరగాలి. వ్యాసం అచ్చయినా, సిద్ధాంతగ్రంథం శోధగంగలో చేరినా, ఆ నమూనాకు నవ్యత లేదని పేటెంటు కార్యాలయం తిరస్కరించే ప్రమాదం ఉంది.